రొడీషియా–న్యాసాలాండ్ సమాఖ్య (1953–1963): తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికా స్వాతంత్ర్య పోరాటాల గురించి తెలుగులో చదివేవారికి ఘానా, కెన్యా, దక్షిణాఫ్రికా కథలు కొంత పరిచయమే. జాంబియా, మలావీ, జింబాబ్వే ఒకప్పుడు ఒకే సమాఖ్య కింద ఉండేవని, అది పదేళ్లకే కూలిపోయిందని చెబితే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ పదేళ్ల గురించి పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ఏమిటీ సమాఖ్య? ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు పోయింది?

దక్షిణ రొడీషియా, ఉత్తర రొడీషియా, న్యాసాలాండ్ అనే మూడు బ్రిటిష్ ప్రాంతాలను కలిపి 1953లో ఏర్పాటు చేసిన వలస సమాఖ్య ఇది. అదే ఏడాది ఆగస్టు 1న అధికారికంగా ఉనికిలోకి వచ్చింది. 1963 డిసెంబరు 31 అర్ధరాత్రితో రద్దయింది. దక్షిణ రొడీషియా నేటి జింబాబ్వే, ఉత్తర రొడీషియా నేటి జాంబియా, న్యాసాలాండ్ నేటి మలావీ. సమాఖ్య రాజధాని సాలిస్‌బరీ, అంటే ఇప్పటి హరారే. మధ్య ఆఫ్రికా సమాఖ్య అని రాసినా దీని గురించే.

మూడూ బ్రిటిష్ పాలనలోనివే కదా, కలిపితే ఇబ్బంది ఏమిటి?

బ్రిటిష్ జెండా ఒకటే అయినా మూడు చోట్లా పాలన ఒక తీరుగా లేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

దక్షిణ రొడీషియాలో తెల్లవారు భూమి పట్టుకుని స్థిరపడ్డారు. 1923 దాకా అక్కడ సెసిల్ రోడ్స్ స్థాపించిన బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీదే రాజ్యం. దక్షిణాఫ్రికాలో కలుస్తారా, సొంత ప్రభుత్వం పెట్టుకుంటారా అని 1922లో ఓటింగ్ జరిగితే తెల్ల ఓటర్లు రెండోదాన్నే ఎంచుకున్నారు. మరుసటి ఏడాది నుంచి స్థానిక తెల్లవారి చేతిలోనే శాసనసభ, పోలీసు, సైన్యం ఉన్నాయి. 1930 నాటి భూ విభజన చట్టం దేశంలో దాదాపు సగం నేలను, అందులోనూ మంచి నేలను, పిడికెడుమంది తెల్లవారికి కేటాయించింది. తరతరాలుగా ఆ నేలనే దున్నుకున్న ఆఫ్రికన్ కుటుంబాలు రిజర్వులకు తరలిపోవలసి వచ్చింది. ఊరు దాటాలంటే పాసు చూపించాలి.

ఉత్తర రొడీషియా, న్యాసాలాండ్ సంరక్షిత ప్రాంతాలు. లండన్‌లోని వలస వ్యవహారాల శాఖ గవర్నర్ల ద్వారా వాటిని పాలించేది. అక్కడ ఆఫ్రికన్లకు హక్కులు దండిగా ఉన్నాయని కాదు. ఆఫ్రికన్ ప్రయోజనాలే ముందు అన్న మాట లండన్ ఇచ్చి ఉంది. ఆ మాట ఎంత పలచనదైనా, జనం దాన్ని ఆధారం చేసుకుని నిలబడ్డారు. సాలిస్‌బరీ చేతికి చిక్కితే అది కూడా పోతుందని వాళ్లకు తెలుసు. దక్షిణ రొడీషియా పొలాలకు, గనులకు కూలికి వెళ్లివచ్చిన న్యాసాలాండ్ మగవాళ్లు అక్కడి బతుకును కళ్లారా చూశారు. వాళ్లకు ఎవరో వచ్చి రాజకీయ పాఠాలు చెప్పనక్కరలేకపోయింది.

సమాఖ్య ఎవరికి కావలసి వచ్చింది?

ముఖ్యంగా రెండు రొడీషియాల తెల్ల నాయకులకు. దక్షిణాన గాడ్‌ఫ్రీ హగ్గిన్స్, ఉత్తరాన రాయ్ వెలెన్‌స్కీ. వాళ్లు మొదట అడిగింది సమాఖ్య కాదు, రెండు రొడీషియాల పూర్తి విలీనం. 1938–39లో బ్లెడిస్లో కమిషన్ వచ్చి చూసి, ఇప్పుడే విలీనం వద్దంది. దక్షిణాన ఆఫ్రికన్ల పట్ల నడుస్తున్న విధానం, ఉత్తరాన ఆఫ్రికన్ల వ్యతిరేకత అందుకు కారణాలు. యుద్ధం తర్వాత విలీనం దొరకదని తేలాక, అదే కోరికకు సమాఖ్య అనే రూపం ఇచ్చారు. 1949లో విక్టోరియా జలపాతం దగ్గర సమావేశమై ఆ దారి పట్టారు.

ఉత్తర రొడీషియా కోసం అంత ఆరాటం దేనికంటే రాగి కోసం. కాపర్‌బెల్ట్ అని పిలిచే కిట్వే, న్డోలా, ముఫులిరా, లువాన్షియా ప్రాంతంలో ప్రపంచంలోని గొప్ప రాగి గనులున్నాయి. దక్షిణాన పొగాకు తోటలు, పెరుగుతున్న ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటికి పెట్టుబడి కావాలి, మార్కెట్ కావాలి. న్యాసాలాండ్ వీళ్లకు అంతగా అక్కరలేదు. అది పేద ప్రాంతం, ఖర్చు తప్ప రాబడి లేదు. దాన్ని కూడా తీసుకోవాలని పట్టుబట్టింది బ్రిటిష్ ప్రభుత్వమే. చివరికి సమాఖ్యను పడగొట్టింది ఆ న్యాసాలాండే.

మరి బ్రిటన్ ఎందుకు ఒప్పుకుంది?

1948లో దక్షిణాఫ్రికాలో నేషనల్ పార్టీ గెలిచి అపార్తీడ్‌ను రాజ్య విధానం చేసింది. అక్కడి నుంచి ఆఫ్రికానర్లు (డచ్ మూలాలున్న తెల్లవారు) ఉత్తరానికి వలస వస్తున్నారు. అడ్డుగోడలా ఒక పెద్ద బ్రిటిష్ రాజ్యం లేకపోతే రొడీషియాలు కూడా దక్షిణాఫ్రికా వైపు జారిపోతాయని లండన్ అధికారులు భయపడ్డారు. మూడు ఆర్థిక వ్యవస్థలు కలిస్తే అభివృద్ధి వేగంగా జరుగుతుందన్న నమ్మకం కూడా ఉంది. చర్చలు లేబర్ ప్రభుత్వ హయాంలో మొదలయ్యాయి. 1951 అక్టోబరులో వచ్చిన కన్సర్వేటివ్‌లు పని పూర్తిచేశారు.

అపార్తీడ్‌కు అడ్డుకట్ట వేయాలన్న ఉద్దేశం నిజమైనదే, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ అడ్డుకట్ట కట్టే పనిని, భూ విభజన చట్టం అమలు చేస్తున్న ప్రభుత్వానికే అప్పజెప్పారు.

ఆఫ్రికన్ల అభిప్రాయం అడిగారా?

అడగలేదు. వాళ్లే చెప్పారు, మళ్లీ మళ్లీ చెప్పారు, వినలేదు.

1949లోనే లండన్‌లో ఇద్దరు ఆఫ్రికన్లు కూర్చుని సమాఖ్యకు వ్యతిరేకంగా ఒక పత్రం రాశారు. ఒకరు అక్కడ డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్న న్యాసాలాండ్ వాసి హేస్టింగ్స్ బాండా. రెండోవారు ఉత్తర రొడీషియా నుంచి చదువుకోవడానికి వెళ్లిన హ్యారీ న్‌కుంబులా. ఆ తర్వాతి పద్నాలుగేళ్ల వాదనలన్నీ ఆ పత్రంలో అప్పటికే ఉన్నాయి. 1952లో లండన్‌లో సమావేశం పెడితే ఉత్తర రొడీషియా, న్యాసాలాండ్ ఆఫ్రికన్ ప్రతినిధులు పాల్గొనడానికి నిరాకరించారు. 1953 తొలి నెలల్లో న్యాసాలాండ్ తెగ పెద్దలు రాణికి విన్నపం ఇవ్వడానికి లండన్ వెళ్లారు. మంత్రుల సలహా మీద రాణి వాళ్లను కలవలేదు. అంత దూరం సముద్రాలు దాటి వెళ్లిన పెద్దమనుషులను గుమ్మంలోంచే తిప్పి పంపారు. న్యాసాలాండ్ జనం దీన్ని చాలాకాలం మరచిపోలేదు. ఇంకో పెద్ద, న్గోనీ తెగ అధిపతి గోమానీ, ప్రజలను సహాయ నిరాకరణకు పిలిచినందుకు పదవి పోగొట్టుకున్నారు.

1953 మార్చిలో న్‌కుంబులా లుసాకాలో జనం ముందు బ్రిటిష్ ప్రభుత్వ సమాఖ్య పత్రాన్ని తగలబెట్టారు. ఏప్రిల్‌లో రెండు రోజులు పని మాని ప్రార్థనలు చేద్దామని పిలుపునిచ్చారు. గని కార్మికులు కలిసిరాకపోవడంతో అది నీరుగారిపోయింది.

ప్రజాభిప్రాయ సేకరణ ఒకటి జరిగిన మాట నిజమే. 1953 ఏప్రిల్ 9న, దక్షిణ రొడీషియాలో మాత్రమే. ఓటర్లలో దాదాపు అందరూ తెల్లవారే, ఆఫ్రికన్లు కొన్ని వందలమంది. పోలైన ఓట్లలో సుమారు 63 శాతం సమాఖ్యకు అనుకూలంగా పడ్డాయి. మిగతా రెండు ప్రాంతాల్లో లక్షలాది జనం మీద ఆ ఫలితం రుద్దారు. సమాఖ్య పతనానికి కారణాలు వెతుకుతూ చాలామంది 1959 దాకా, 1962 దాకా వెళతారు. నా దృష్టిలో అసలు కారణం ఇదే, పునాది రోజునే ఉంది. మిగతావన్నీ దాని పర్యవసానాలు.

అధికారాలు ఎలా పంచుకున్నారు?

రక్షణ, కస్టమ్స్, ఆదాయపు పన్ను, రైల్వేలు, తపాలా, వలసలు, ఆరోగ్యం, ఉన్నత విద్య సమాఖ్యకు వెళ్లాయి. భూమి, పోలీసు, స్థానిక పాలన ప్రాంతాల దగ్గర ఉండిపోయాయి. బడుల విషయం చూడండి: తెల్లపిల్లల బడులు సమాఖ్య కింద, నల్లపిల్లల బడులు ప్రాంతాల కింద. డబ్బున్న ఖజానా సమాఖ్యది. ఏ పిల్లవాడి బడికి ఏ ఖజానా దిక్కో రాజ్యాంగమే రంగును బట్టి తేల్చేసింది.

మొదటి సమాఖ్య శాసనసభలో 35 మంది సభ్యులు. వారిలో ఆఫ్రికన్లు ఆరుగురు, ప్రాంతానికి ఇద్దరు చొప్పున. ఆఫ్రికన్ల ప్రయోజనాలు చూడడానికని మరో ముగ్గురు తెల్లవారు. మొత్తం జనాభా ఎనభై లక్షల దరిదాపులకు చేరిన రోజుల్లో కూడా తెల్లవారు మూడు లక్షల చుట్టూనే ఉన్నారు.

'భాగస్వామ్యం' అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. అది ఆచరణలో ఎలా ఉండేది?

సమాఖ్య రాజ్యాంగ పీఠికలోనే జాతుల మధ్య భాగస్వామ్యం అని రాసుకున్నారు. మొదటి ప్రధాని హగ్గిన్స్ ఆ భాగస్వామ్యాన్ని గుర్రానికీ రౌతుకీ ఉన్న సంబంధంతో పోల్చారు. ఎవరు గుర్రమో, ఎవరు రౌతో ఆఫ్రికన్లకు వెంటనే అర్థమైంది.

రోజువారీ బతుకు ఎలా ఉండేదో చెబుతాను. ఉత్తర రొడీషియా పట్టణాల్లో మాంసం కొట్లలోకి ఆఫ్రికన్లను రానిచ్చేవారు కాదు. గోడకు ఒక కన్నం ఉండేది. అందులోంచి డబ్బు ఇస్తే, కొట్టువాడు ఏ ముక్క ఇస్తే ఆ ముక్క, కాగితంలో చుట్టి బయటికి అందించేవాడు. ఇది కావాలి, అది వద్దు అనడానికి లేదు. 1954లో లుసాకాలో న్‌కుంబులా నాయకత్వంలోని ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మాంసం కొట్ల బహిష్కారం నడిపింది. వారాల తరబడి జనం మాంసం మానేశారు. ఇలాంటి బహిష్కారాలు 1956లో కాపర్‌బెల్ట్ పట్టణాలకు కూడా పాకాయి. మాంసం కొట్టు దగ్గర నిలబడ్డ మనిషికి సమాఖ్య రాజ్యాంగంలోని పీఠిక కనబడదు, ఆ గోడకన్నం కనబడుతుంది. పోస్టాఫీసుల్లో కౌంటర్లు వేరు, గనుల్లో నైపుణ్యం ఉన్న ఉద్యోగాలు తెల్లవారికే.

కొన్ని మంచి ప్రయత్నాలు జరగలేదని కాదు. సాలిస్‌బరీలో 1957లో తరగతులు మొదలైన యూనివర్సిటీ కాలేజీ అన్ని జాతుల విద్యార్థులనూ చేర్చుకుంది. దక్షిణ రొడీషియా ప్రధాని గార్ఫీల్డ్ టాడ్, న్యూజిలాండ్ నుంచి మిషనరీగా వచ్చిన మనిషి, ఆఫ్రికన్ల చదువుకు డబ్బు పెట్టారు, కొంతమందికైనా ఓటు ఇద్దామన్నారు. 1958 మొదట్లో సొంత మంత్రులే ఆయన్ను దించేశారు. సమాఖ్యలో ఉదారవాదులకు పట్టిన గతి అది.

ఆఫ్రికన్లకు రక్షణగా రాజ్యాంగంలో ఏమీ లేదా?

ఉంది. ఆఫ్రికన్ వ్యవహారాల బోర్డు అని ఒకటి. వివక్ష ఉన్న బిల్లు వస్తే అది లండన్‌కు పంపి ఆపించవచ్చు. 1957లో శాసనసభను 59 స్థానాలకు పెంచే రాజ్యాంగ సవరణ వచ్చింది. దీనివల్ల ఆఫ్రికన్ ప్రాతినిధ్యం బలహీనపడుతుందని బోర్డు అభ్యంతరం చెప్పింది. లండన్ ఆ అభ్యంతరాన్ని పక్కనపెట్టి బిల్లుకు ఆమోదం ఇచ్చింది. తర్వాత ఎన్నికల చట్టం విషయంలోనూ ఇదే జరిగింది. ఆ రెండు సంఘటనలతో బోర్డు మీద ఉన్న కాస్త నమ్మకం పోయింది. లండన్‌కు మొర పెట్టుకుంటే న్యాయం దొరుకుతుందని అప్పటిదాకా వాదించిన మితవాద ఆఫ్రికన్ నాయకులకు తమవాళ్ల ముందు మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు.

రాగి డబ్బు ఎటు పోయింది?

సమాఖ్య మొదటి ఏళ్లలో రాగి ధర బాగా ఉంది. ఆ పన్నులు సమాఖ్య ఖజానాకు వెళ్లాయి. ఖర్చులో పెద్ద వాటా దక్షిణానికి దక్కింది. సాలిస్‌బరీలో ఎత్తైన భవనాలు లేచాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి, తెల్లవారి వలస పెరిగింది. రాజధాని అక్కడే, కేంద్ర కార్యాలయాలు అక్కడే, విశ్వవిద్యాలయం అక్కడే. కస్టమ్స్ రక్షణ కూడా దక్షిణ ఫ్యాక్టరీలకే లాభించింది. ఉత్తరాన వస్తువులు కొనే జనం ఆ ఫ్యాక్టరీలకు మార్కెట్ అయ్యారు. న్యాసాలాండ్‌కు సమాఖ్య నుంచి కొంత నికర లాభం వచ్చిందని లెక్కలు చెబుతాయి. అయినా అందరికంటే గట్టిగా వ్యతిరేకించింది న్యాసాలాండే. ఇదంతా డబ్బు గొడవే అనేవారు ఈ సంగతి గమనించాలి.

1956 తర్వాత రాగి ధర పడిపోయింది. ఖజానా బిగుసుకుంది. పంచడానికి డబ్బు తగ్గగానే, అభివృద్ధి చూపించి జనాన్ని ఒప్పించవచ్చన్న లెక్క కూడా తప్పింది.

కరీబా ఆనకట్టను సమాఖ్య గొప్ప విజయంగా చెబుతారు. నిజమేనా?

ఇంజనీరింగ్ పరంగా నిజమే. జాంబేజీ నది మీద, రెండు రొడీషియాల సరిహద్దులో ఉన్న ఇరుకు లోయలో కట్టారు. రూపకల్పన ఫ్రెంచ్ ఇంజనీరు ఆంద్రే కోయిన్‌ది, నిర్మాణం ఒక ఇటాలియన్ సంస్థది. 1956లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. అప్పటికి ఆ బ్యాంకు ఇచ్చిన అతిపెద్ద అప్పు అదే. 1957లో, 1958లో నది ఎన్నడూ లేనంతగా పొంగి పనులను ముంచెత్తింది. అయినా పూర్తిచేశారు. 1960 మేలో బ్రిటన్ రాజమాత వచ్చి ప్రారంభించారు. నీటి పరిమాణంలో ప్రపంచంలోని అతిపెద్ద జలాశయాల్లో అది నేటికీ ముందుంది.

కానీ అది కూడా అదే తగాదాలోంచి పుట్టింది. ఉత్తర రొడీషియాలోని కాఫుయే నది మీద ముందు ఆనకట్ట కడదామన్న నిర్ణయాన్ని 1955లో తిప్పేసి కరీబాకు మార్చారు. విద్యుత్ కేంద్రం దక్షిణ ఒడ్డున పెట్టారు. రాగి గనులు నడవాలంటే స్విచ్ దక్షిణం చేతిలో ఉండేలా ఏర్పాటైందన్నమాట. ఉత్తరాన తెల్లవారు కూడా దీని మీద మండిపడ్డారు.

ఇక నీళ్లలో మునిగిన నేల సంగతి. జాంబేజీకి రెండు ఒడ్డులా గ్వెంబే టోంగా ప్రజలు ఉండేవారు. నది తగ్గినప్పుడు తడి ఒండ్రులో పంట వేసుకునేవారు. వానలు మోసం చేసినా నది తిండి పెట్టేది. దాదాపు 57 వేల మందిని అక్కడి నుంచి లేపేశారు. ఒడ్డుల మధ్య బంధుత్వాలు తెగాయి, పూర్వీకుల సమాధులు, పూజా స్థలాలు నీటి అడుగుకు పోయాయి. కొత్త చోట నేల సన్నం, నీరు కరువు. ఉత్తర ఒడ్డున చిపెపో ప్రాంతంలోని ఒక ఊరివాళ్లు తాము కదలబోమన్నారు. 1958 సెప్టెంబరులో పోలీసులు వచ్చారు. ఊరివాళ్లు ఈటెలతో ఎదురు నిలిచారు. కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు.

అదే కాలంలో, పెరుగుతున్న నీటిలో చిక్కుకున్న జంతువులను పడవల్లో కాపాడిన ఆపరేషన్ నోవా ప్రపంచమంతా పేరు పొందింది. ఆరు వేలకు పైగా జంతువులను రక్షించారు. ఆ పని చేసినవాళ్లను నేను తప్పుపట్టను. కానీ ఆ జంతువుల ఫొటోలు చూసిన ప్రపంచానికి ఆ ఎనిమిది మంది గురించి తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఆనకట్ట నుంచి కరెంటు తీగలు రాగి గనులకు, నగరాలకు వెళ్లాయి. టోంగా ఊళ్లు దశాబ్దాల తరబడి చీకట్లోనే ఉండిపోయాయి.

న్యాసాలాండే ఎందుకు ముందు తిరగబడింది?

తెల్లవారి సంఖ్య అక్కడ చాలా తక్కువ, పదివేలు కూడా లేరు. మిషన్ బడుల వల్ల చదువుకున్నవారు ఎక్కువ. 1915లోనే జాన్ చిలెంబ్వే అనే పాస్టరు తోటల దొరల మీద తిరుగుబాటు చేసి ప్రాణం పోగొట్టుకున్న నేల అది. దానికి తోడు, పొలాల్లో వాలుకు అడ్డంగా గట్లు వేయాలని, వేయకపోతే జరిమానా అని వ్యవసాయ అధికారులు 1950లలో ఊరూరా తిరిగేవారు. నేల కోతకు గురికాకుండా ఉండడానికే ఆ నిబంధన. కానీ బలవంతపు చాకిరీ అయ్యేసరికి జనం దాన్ని సమాఖ్య ఖాతాలోనే వేశారు. రేపు ఈ నేలను తెల్లవాళ్లకు ఇవ్వడానికే ఇదంతా అనుకున్నారు.

న్యాసాలాండ్ ఆఫ్రికన్ కాంగ్రెస్ కొత్తతరం నాయకులు చిపెంబేరే, చియుమే అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్లు. పెద్దరికం ఉన్న మనిషి ముందు నిలబడాలని వాళ్లు బాండాను రమ్మన్నారు. బాండా సుమారు నలభై ఏళ్ల తర్వాత 1958 జులై 6న సొంత దేశంలో అడుగుపెట్టారు. మూడు ముక్కల సూటు, టోపీ, చేతిలో ఈగలు తోలే కుంచె, ప్రసంగం ఇంగ్లీషులో, పక్కన అనువాదకుడు. ఊరూరా తిరిగి ఒక్కటే చెప్పారు: ఈ తెలివిమాలిన సమాఖ్యను బద్దలు కొడతాను. జనం విరగబడి వచ్చారు.

1959 మార్చి 3న ఏం జరిగింది?

గవర్నరు ఆర్మిటేజ్ న్యాసాలాండ్‌లో అత్యవసర పరిస్థితి విధించారు. కాంగ్రెస్ నాయకులు తెల్లవారిని, అధికారులను చంపడానికి కుట్ర పన్నారని ప్రభుత్వం చెప్పింది. తెల్లవారుజామున బాండాను పట్టుకుని విమానంలో దక్షిణ రొడీషియాలోని గ్వెలో జైలుకు తరలించారు. దక్షిణ రొడీషియాలో అంతకు నాలుగైదు రోజుల ముందే అత్యవసర పరిస్థితి వచ్చింది. అక్కడి సైనికులనూ న్యాసాలాండ్‌కు దించారు. దేనికి భయపడి సమాఖ్యను వద్దన్నారో అదే కళ్లముందు నిజమైంది.

నాయకులను నిర్బంధించిన చోటికి జనం గుంపులుగా వచ్చారు. సరస్సు ఒడ్డున న్‌ఖాటా బే రేవు దగ్గర సైనికులు కాల్చారు, 20 మంది చనిపోయారు. ఆ వారాల్లో మొత్తం 51 మంది ఆఫ్రికన్లు చనిపోయారు. విచారణ లేకుండా నిర్బంధించినవారు సుమారు 1,300 మంది. ఒక్క తెల్లవారు కూడా చనిపోలేదు.

అదే మార్చి 3న కెన్యాలోని హోలా శిబిరంలో 11 మంది ఖైదీలను కొట్టి చంపారు. రెండు వార్తలూ ఒకదాని వెంట ఒకటి లండన్‌ను కుదిపేశాయి.

డెవ్లిన్ నివేదిక అంటే ఏమిటి?

న్యాసాలాండ్ సంఘటనల మీద విచారణకు బ్రిటిష్ ప్రభుత్వమే జడ్జి పాట్రిక్ డెవ్లిన్ ఆధ్వర్యంలో కమిషన్ వేసింది. 1959 జులైలో నివేదిక వచ్చింది. ప్రభుత్వం చెప్పిన హత్యల కుట్ర లేదని తేల్చింది. సమాఖ్య మీద వ్యతిరేకత కొద్దిమంది ఆందోళనకారులది కాదని, లోతుగా, దాదాపు అందరిలోనూ ఉందని చెప్పింది. న్యాసాలాండ్ తాత్కాలికంగానైనా పోలీసు రాజ్యంగా మారిందని రాసింది. అత్యవసర పరిస్థితి విధించడం తప్పనిసరే అయిందని కూడా అన్నదిగానీ, ఆ మాట ఎవరికీ గుర్తులేదు. బ్రిటిష్ ప్రధాని మెక్‌మిలన్ ప్రభుత్వం నివేదికలోని ముఖ్యాంశాలను తోసిపుచ్చింది. తోసిపుచ్చినా లాభం లేకపోయింది, నిజం బ్రిటిష్ న్యాయమూర్తి సంతకంతో అచ్చయిపోయింది.

బ్రిటన్ మనసు ఎప్పుడు మారింది?

1959 అక్టోబరులో ఇయాన్ మెక్లియోడ్ వలస వ్యవహారాల మంత్రి అయ్యారు. బలప్రయోగంతో పట్టుకుని ఉండడం ఇక కుదరదని ఆయన గ్రహించారు. 1960 ఏప్రిల్ 1న బాండాను విడిపించారు. అంతకుముందు ఫిబ్రవరిలో ప్రధాని మెక్‌మిలన్ కేప్‌టౌన్‌లో ఆఫ్రికా అంతటా మార్పు గాలి వీస్తోందని దక్షిణాఫ్రికా పార్లమెంటు ముఖం మీదే చెప్పారు.

సమాఖ్య భవిష్యత్తు మీద వేసిన మాంక్టన్ కమిషన్ 1960 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. ఇప్పుడున్న రూపంలో సమాఖ్య నిలవదని, విడిపోయే హక్కు ప్రాంతాలకు ఉండాలని చెప్పింది. విడిపోవడం ఆ కమిషన్ పరిధిలోనే లేదని తనకు మాట ఇచ్చారంటూ వెలెన్‌స్కీ మండిపడ్డారు. 1961 ఆగస్టులో న్యాసాలాండ్ ఎన్నికల్లో బాండా పార్టీ ఆఫ్రికన్ ఓటర్లకు ఎక్కువగా దక్కిన దిగువ జాబితాలోని 20 స్థానాలకు 20 గెలిచింది. ఆ తర్వాత వాదనకు ఏమీ మిగల్లేదు.

వెలెన్‌స్కీ ఎలాంటి మనిషి?

సాలిస్‌బరీలో పేదరికంలో పుట్టాడు. తండ్రి లిథువేనియా నుంచి వచ్చిన యూదుడు, తల్లి ఆఫ్రికానర్. రైలింజన్ డ్రైవరుగా పనిచేశాడు, బాక్సింగ్‌లో హెవీవెయిట్ చాంపియన్, రైల్వే కార్మిక నాయకుడు. 1956 నుంచి చివరి రోజు దాకా సమాఖ్య ప్రధాని. కష్టపడి పైకొచ్చినవాడు, మాట ఇస్తే నిలబెట్టుకోవాలనుకునేవాడు. బ్రిటన్ తనను మోసం చేసిందని చివరిదాకా నమ్మాడు. లండన్ తనతో సూటిగా వ్యవహరించలేదన్న ఆయన ఫిర్యాదులో కొంత నిజముంది. కానీ తనకు జరిగిన మోసాన్ని అంత బాగా చూడగలిగిన మనిషి, 1953లో లక్షలాది ఆఫ్రికన్లకు జరిగినదాన్ని చూడలేకపోయాడు.

ఉత్తర రొడీషియా ఎలా బయటపడింది?

1958లో కెన్నెత్ కౌండా, న్‌కుంబులా నాయకత్వంలోని కాంగ్రెస్‌లోంచి తాను విడిపోయి కొత్త పార్టీ పెట్టారు. 1959లో దాన్ని నిషేధించి ఆయన్ను జైల్లో పెట్టారు. 1960 జనవరిలో బయటికొచ్చి యునైటెడ్ నేషనల్ ఇండిపెండెన్స్ పార్టీ (యూనిప్) పగ్గాలు పట్టారు. లండన్ ప్రతిపాదించిన రాజ్యాంగాన్ని వెలెన్‌స్కీ ఒత్తిడితో మార్చేసరికి, 1961 మధ్యలో ఉత్తర జిల్లాల్లో 'చా చా చా' ఉద్యమం లేచింది. రోడ్లకు అడ్డాలు, వంతెనల కూల్చివేత, గుర్తింపు కార్డుల దహనం. 1962 అక్టోబరు ఎన్నికల తర్వాత కౌండా, న్‌కుంబులా పాత వైరం పక్కనపెట్టి కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశారు. 1963 మార్చిలో బ్రిటిష్ మంత్రి బట్లర్ ఉత్తర రొడీషియాకూ విడిపోయే హక్కు ఉందని ప్రకటించారు. న్యాసాలాండ్‌కు ఆ హక్కు అప్పటికే, 1962 డిసెంబరులో ఇచ్చేశారు.

దక్షిణాన తెల్ల ఓటర్లు సమాఖ్యను కాపాడుకోలేదా?

వాళ్లకూ విరక్తి వచ్చింది. ఉత్తరాన ఆఫ్రికన్ ప్రభుత్వాలు వస్తుంటే, సమాఖ్య ద్వారా అవి తమ మీదికే వస్తాయని భయపడ్డారు. 1962 డిసెంబరు 14న దక్షిణ రొడీషియా ప్రధాని వైట్‌హెడ్ ప్రభుత్వాన్ని ఓడించి, రొడీషియన్ ఫ్రంట్ పార్టీని గెలిపించారు. ఆఫ్రికన్ నాయకులు తమవాళ్లను ఓటుకు దూరంగా ఉండమన్నారు. ఒకే వారంలో అటు ఉత్తరాన నల్లవారి ప్రభుత్వం, ఇటు దక్షిణాన కరుడుగట్టిన తెల్లవారి ప్రభుత్వం. నడిమధ్య ఉన్న సమాఖ్యను నాది అనేవారే లేరు.

ఆస్తులు ఎలా పంచారు?

1963 జూన్ చివర, జులై మొదట్లో విక్టోరియా జలపాతం దగ్గర చివరి సమావేశం జరిగింది. అప్పులు, ఉద్యోగులు, రైల్వేలు, కరీబా అన్నిటికీ ఏర్పాట్లు చేశారు. అతి ప్రమాదకరమైన పంపకం సైన్యానిది. వైమానిక దళంలో అత్యధిక భాగం దక్షిణ రొడీషియాకు వెళ్లింది. దీన్ని ఆపాలని ఘానా తదితర దేశాలు భద్రతా మండలిలో తీర్మానం పెడితే, సెప్టెంబరులో బ్రిటన్ వీటో చేసింది. రెండేళ్లు తిరగకుండానే ఆ విమానాలు దక్షిణ రొడీషియాలో ఇయాన్ స్మిత్ నడిపిన తెల్లవారి ప్రభుత్వానికి పనికొచ్చాయి.

అక్కడ భారతీయులు ఉండేవారా?

ఉండేవారు. కొన్ని వేలమంది, ఎక్కువగా గుజరాతీ వ్యాపారులు. న్యాసాలాండ్ పల్లెల్లో, ఉత్తర రొడీషియా పట్టణాల్లో కొట్లు నడిపేవారు. తెల్ల పాలకులు కొత్తగా వచ్చే ఆసియావాసుల మీద ఆంక్షలు పెట్టారు. తెలుగువాళ్లు ఎక్కువగా చేరిన ఆఫ్రికా ప్రాంతం దక్షిణాఫ్రికాలోని నటాల్. ఈ సమాఖ్య కథలో తెలుగువారి పాత్ర చెప్పుకోదగ్గది లేదు.

సమాఖ్య రద్దయ్యాక ఏం జరిగింది?

న్యాసాలాండ్ 1964 జులై 6న మలావీగా స్వతంత్రమైంది. బాండా తిరిగొచ్చిన తేదీ కూడా అదే. స్వాతంత్ర్యం వచ్చిన కొన్ని వారాలకే ఆయనకూ, ఆయన్ను పిలిపించిన యువనాయకులకూ చెడింది. చిపెంబేరే, చియుమే దేశం వదిలిపోయారు, బాండా మూడు దశాబ్దాలు ఏకపార్టీ పాలన నడిపారు. ఉత్తర రొడీషియా 1964 అక్టోబరు 24న జాంబియా అయింది.

దక్షిణ రొడీషియాలో ఇయాన్ స్మిత్ ప్రభుత్వం 1965 నవంబరు 11న ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. చమురు, రైలు, కరెంటు అన్నీ దక్షిణం గుండానే అలవాటైన జాంబియా ఊపిరాడక అవస్థ పడింది. టాంజానియా రేవు నుంచి చమురు పైపులైను వేసుకుంది. చైనా సాయంతో దార్ ఎస్ సలామ్ దాకా 1,860 కిలోమీటర్ల టజారా రైలుమార్గం కట్టుకుంది. కరీబా ఉత్తర ఒడ్డున సొంత విద్యుత్ కేంద్రం 1970లలో కట్టుకుంది. జింబాబ్వేకు స్వాతంత్ర్యం రావడానికి సుదీర్ఘ యుద్ధం తర్వాత 1980 ఏప్రిల్ 18 దాకా ఆగాలి.

ఇప్పటికీ మిగిలిందేమైనా ఉందా?

కరీబా ఉంది. 1987 నుంచి జాంబియా, జింబాబ్వే జాంబేజీ నది ప్రాధికార సంస్థ ద్వారా దాన్ని ఉమ్మడిగా చూసుకుంటున్నాయి. నీళ్లు తగ్గిన ఏడాది రెండు దేశాల్లోనూ గంటల తరబడి కరెంటు పోతుంది. జలాశయం ఒడ్డుల్లో టోంగా కుటుంబాలు 1958లో పోయిన నేలకు తగిన పరిహారం, కరెంటు, నీటి వసతి కోసం ఇప్పటికీ రెండు ప్రభుత్వాలనూ అడుగుతూనే ఉన్నాయి.